ఇంటింటి హార్మోనియం

మా టాల్బర్ట్ కౌంటీలో మతియాస్ క్రోగ్‌ను ఎరగనివాళ్ళు లేరు. అయినా ఆయన ఫోటో ఒక్కటంటే ఒక్కటి ఎక్కడా లేదు. మావాళ్ళ ఫోటోల పిచ్చి తెలిసినవాళ్ళకే ఇది ఎంత వింతో తెలుస్తుంది. ఇక్కడ గుమ్మడికాయ కాస్త పెద్దది కాస్తే ఫోటో, ఆవుకి కవలలు పుడితే ఫోటో. వరదొస్తే ముందు ఫోటో తీయించుకుని, ఆ తర్వాతే పరుగెత్తుతారు. వెన్న కంపెనీ హెర్మన్ స్టోల్జ్ ఇంట్లో చచ్చిపోయిన గుర్రానివి మూడు పటాలున్నాయి, బతికున్న భార్యది ఒక్కటే. అదేమని అడిగితే గుర్రం కదలకుండా నిలబడేదంటాడు.

నేను హేవర్లీ ఊళ్ళో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ నడుపుతాను. పేరు ఒటీలియా, అందరూ పిలిచేది టిల్లీ. కౌంటీకి ముఖ్యపట్టణమన్న మాటేగానీ మా ఊరికి ఉన్న బోర్డు ఒకటే, దాని ముందు కుర్చీ ఒకటే, ఆ కుర్చీలో పాతికేళ్ళుగా నేనే. పల్లెల్లో ఒక్కో తీగ మీద ఏడెనిమిది ఇళ్ళుంటాయి. ఒకరికి గంట మోగితే అందరూ రిసీవర్లు ఎత్తి వింటారు. అది తప్పని ఇక్కడెవరూ అనుకోరు. మాట్లాడుకునేవాళ్ళు కూడా, "ఎఫీ, కొంచెం మెల్లిగా ఊపిరి పీల్చు తల్లీ, మా అక్క గొంతు వినపడట్లేదు" అంటారే తప్ప, పెట్టేయమని అనరు.

మతియాస్ బాబాయ్ ఇంట్లో మాత్రం టెలిఫోన్ లేదు. ఆయన డెన్మార్క్ నుంచి వచ్చిన మనిషి. సన్నగా, పొడుగ్గా, గాలికి కొంచెం వంగినట్టుంటాడు. పెళ్ళి చేసుకోలేదు. కుర్రతనంలో రైళ్ళ మీద పనిచేస్తున్నప్పుడు పెట్టెల మధ్య ఇరుక్కుని ఎడమచేతి చిటికెన వేలు సగం పోయింది. కంచరగాడిదతో మాట్లాడేటప్పుడు కూడా టోపీ తీసేంత మర్యాదస్థుడు. ప్రతి శనివారం ఊళ్ళోకి కోడిగుడ్లు తెచ్చి అమ్ముకుని, పోతూపోతూ నాకో నాలుగు బోర్డు పక్కన పెట్టి వెళ్ళేవాడు. డబ్బులిస్తే తీసుకోడు. తీసుకోనందుకు మళ్ళీ తనే క్షమించమని అడుగుతాడు.

నేను చెప్పేది పందొమ్మిది వందల ముప్ఫై ఆరు సంగతి. ఆ ఏడు వానల్లేవు. మొక్కజొన్న మోకాలెత్తు రాకముందే మాడిపోయింది. మిడతలు పొలాలు తినేసి, ఇంకా ఆకలి తీరక ఆరేసిన బట్టల మీద పడ్డాయి. నెబ్రాస్కా అంతా దుమ్ము కొట్టుకుపోతోంది. సరిగ్గా అప్పుడే కౌంటీ పుట్టి యాభై ఏళ్ళయిందని, ఆగస్టులో తొలి కాపురస్థుల పండగ ఘనంగా చేయాలని లవీనియా ప్రౌటీ తలపెట్టింది.

ఈ లవీనియా ధాన్యం గిడ్డంగి ప్రౌటీ భార్య. ఆయన పోయాడు, గిడ్డంగి ఉంది, ఆవిడ పెత్తనం అంతకన్నా గట్టిగా ఉంది. తలమీద ఎప్పుడూ నెమిలికోడి ఈకల టోపీ ఒకటి. ఆ టోపీ లేకుండా ఆవిడ తలని చూసినవాడు మొగుడొక్కడే, ఆయన సాక్ష్యం చెప్పడానికి లేడు. అలాంటి లవీనియా పండగ సంఘానికి అధ్యక్షురాలై ఒక నిబంధన పెట్టింది. కౌంటీ తొలి రోజుల్లో వచ్చి స్థిరపడ్డ వాళ్ళకి కోర్టు భవనం నడవలో పటం కడతారు, పండగరోజు వేదిక మీద కుర్చీ వేస్తారు. అయితే ఆ రోజుల్లో ఇక్కడ తీసిన ఫోటో తెచ్చి చూపించాలి. పాత కోర్టు కాగితాలతో సహా కాలిపోయింది కనుక ఫోటోయే సాక్ష్యం. అంతకుముందు ఏడు అలా అడక్కపోతే, కౌంటీకన్నా తర్వాత పుట్టినవాడొకడు తొలి కాపురస్థుణ్ణని ముందు వరసలో కూర్చుని రెండు పళ్ళేల వేయించిన కోడి తినేశాడు. అందుకని నిబంధన సబబేనని అందరూ అన్నారు, నేనూ అన్నాను.

ఆ శనివారం మతియాస్ బాబాయ్ వచ్చాడు. గుడ్ల బుట్టతోబాటు మెడకి కొత్త కాలర్ కూడా ఉంది. గంజి పెట్టిన కాలర్, బిగుతుగా ఉండి తల తిప్పలేకపోతున్నాడు. బూట్లకి పొయ్యి మసి పూసుకున్నాడు.

"టిల్లీ, ప్రౌటీ గారికి ఒకసారి కలుపుతావా అమ్మా?"

"నీకు టెలిఫోనంటే భయం కదా బాబాయ్?"

"భయమే. నువ్వు మాట్లాడు, నేను పక్కన నిలబడతాను. ఏం లేదూ, ఆ వేదిక మీద కుర్చీలేస్తున్నారట కదా. నేనొచ్చింది ఎనభై నాలుగులో. ఈ ఊరికి అప్పటికి పేరు కూడా లేదు. చివర్న ఎక్కడైనా పర్లేదు. కుర్చీ లేకపోతే నేనే ముక్కాలిపీట తెచ్చుకుంటాను."

ఆయన తనకంటూ ఏదైనా అడగడం నా జన్మలో అదే మొదటిసారి. వెంటనే కలిపాను.

"ఫోటో ఉందా?" అంది లవీనియా.

"లేదుట."

"మరి లేకపోతే ఎలా టిల్లీ?"

"ఆయన అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాడని ఊరందరికీ తెలుసు లవీనియా."

"ఊరందరికీ తెలిసినవి చాలా ఉంటాయి. మీ చెల్లెలికి ముప్ఫై తొమ్మిదని కూడా ఊరందరికీ తెలుసు. ఐదేళ్ళనుంచీ తెలుసు."

పల్లె తీగ కూడా కలిసే ఉన్నట్టుంది, ఎవరో కిసుక్కున నవ్వారు. ఎఫీ గ్రూబర్ నవ్వు నేను నిద్దట్లో విన్నా పోల్చుకోగలను.

"నిబంధన ఒకరికి సడలిస్తే రేపు గుమ్మం ముందు వరస కడతారు. ఆయన మంచివాడే, కాదనను. ఫోటో తెమ్మను," అని పెట్టేసింది.

"ఏమంది?" అన్నాడు బాబాయ్.

"ఫోటో కావాలిట."

"న్యాయమేలే," అన్నాడు. మెడ దగ్గర గుండీ తీసి, ఆ కాలర్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు నాలుగు గుడ్లు పెట్టి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పూట లవీనియాకి వచ్చిన కాల్స్ అన్నిటికీ ఆవిడ ఇంట్లో లేదని చెప్పాను.

తర్వాతి వారం ఫోటోలు రావడం మొదలైంది. అందరూ రోజుకోసారైనా వచ్చే చోటు కనుక నా ఎక్స్ఛేంజ్‌లోనే ఇవ్వమని సంఘంవాళ్ళు చెప్పారు. వచ్చినవి వచ్చినట్టు గోడకి గుచ్చాను. అప్పట్లో కౌంటీలో కర్ర లేదు, రాయి లేదు. పచ్చిక వేళ్ళతో సహా మట్టిపెళ్లలు కోసి, ఇటుకల్లా పేర్చి ఇళ్ళు కట్టుకునేవాళ్ళు. లోపల పట్టపగలే చీకటి. అందుకని ఫోటోల బండాయన వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న గొప్పంతా బయటికి మోసుకొచ్చి, గుమ్మం ముందు పేర్చి, దాని పక్కన నిలబడేవాళ్ళు. కుట్టుమిషను, గడియారం, ఆవు, బల్లమీద కోసిపెట్టిన పుచ్చకాయ, ఇలా ఎవరి గొప్ప వాళ్ళది. ఆ ఫోటోలు తూర్పున ఉన్న పుట్టిళ్ళకి పంపేవాళ్ళు, మేమేం దిక్కులేకుండా పడి లేమని చెప్పడానికి.

అలా ఒక ఆరేడు గుచ్చి, కాఫీ తాగుతూ తీరిగ్గా చూస్తున్నాను. నా కప్పు గాల్లోనే ఆగిపోయింది. ప్రతి ఇంటి ముందూ హార్మోనియం ఉంది. కాళ్ళతో తొక్కి వాయించే నిలువెత్తు హార్మోనియం పెట్టె, పైన అద్దం, అద్దం చుట్టూ ద్రాక్షగుత్తుల చెక్కడం. అద్దానికి ఎడమ మూల చిన్న చీలిక. స్టోల్జుల ఇంటి ముందు అదే చీలిక, గ్రూబర్ల ఇంటి ముందు అదే చీలిక, లవీనియా పుట్టింటి ముందూ అదే. మా అమ్మా నాన్నా నిలబడ్డ ఫోటో పుట్టినప్పట్నుంచీ మా గోడ మీద చూస్తున్నాను. పరుగెత్తి తెచ్చి పక్కన పెట్టాను. అక్కడా చీలిక.

మా అమ్మ ఆ హార్మోనియాన్ని గోధుమ విత్తనాల కోసం అమ్ముకుందని, ఆ రోజు మూడు పూటలా అన్నం మానేసి ఏడ్చిందని మేం పిల్లలం కథలు కథలుగా వింటూ పెరిగాం. ఇక ఊరుకోలేక తీగ మీద అడిగేశాను.

"ఎఫీ, మీ నాయనమ్మ హార్మోనియం ఏమైంది?"

"తెలీదా? గడ్డి మంటల్లో కాలిపోయింది. పాపం మా నాయనమ్మ చేతులు కాల్చుకుంది."

"కాలిందా? మాది వరదలో కొట్టుకుపోయింది," అన్నాడు హెర్మన్. అతన్ని ఎవరూ పిలవలేదు. "మా తాత గుర్రమెక్కి వెంటపడ్డాడు. ఆ గుర్రమే, పటంలో ఉన్నది."

"వరదలో హార్మోనియం తేలుతుందా ఎక్కడైనా?"

"నిప్పులో చేతులు పెట్టే నాయనమ్మ ఉండగా లేనిది, తేలే హార్మోనియం ఉండకూడదా?"

"మా అమ్మగారి హార్మోనియం దొంగలెత్తుకుపోయారు," అని కొత్త గొంతు పలికింది. లవీనియా. పట్నం తీగ మీద ఉన్న మనిషికి పల్లె మాటలు ఎలా వినపడ్డాయంటే, నేనే కలిపాను. "అది షికాగో నుంచి వచ్చింది. కౌంటీ మొత్తానికి అదొక్కటే. మీవాళ్ళవి ఏ డబ్బాలో నాకు తెలీదు."

"డబ్బా ఎవరిదే?" అంది ఎఫీ.

ఆ తర్వాత జరిగింది రాయడానికి నా పెంపకం అడ్డొస్తోంది. ఒక్క హార్మోనియానికి మా కౌంటీలో ఎన్ని చావులున్నాయో ఆ మధ్యాహ్నం లెక్క తేలలేదు. చివరికి ఎఫీ అలిసిపోయి, "మీదేదైనా కానీండి, మా ఫోటోలో మాత్రం మహత్తుంది. పెట్టె వెనకనుంచి మా చచ్చిపోయిన పెద్దత్త చెయ్యి కనపడుతుంది. నాలుగే వేళ్ళు. దయ్యాలకి నాలుగే ఉంటాయట," అంది.

నేను రిసీవర్ వదిలేసి గోడ దగ్గరికి పోయాను. గ్రూబర్ల ఫోటోలో పెట్టె అంచు పట్టుకుని వెనకనుంచి ఒక చెయ్యి. స్టోల్జుల దాంట్లోనూ ఉంది. మా దాంట్లో మా నాన్న భుజం పక్కనే ఉంది, ఇన్నేళ్ళూ అది నాన్న చెయ్యే అనుకున్నాను. నాన్న రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. ఆ చేతికి చిటికెన వేలు సగమే ఉంది.

శనివారం బాబాయ్ గుడ్లు తెచ్చేదాకా ఎలా ఆగానో నాకే తెలియదు. రాగానే గోడవారి బల్ల మీద కూర్చోబెట్టి, ఫోటో ముందు పెట్టాను.

"బాబాయ్, ఈ చెయ్యెవరిది?"

ఆయన ఫోటో వైపు చూశాడు. ఎడమ చెయ్యి మెల్లిగా జేబులోకి పోయింది.

"నాకు కళ్ళు సరిగా ఆనట్లేదమ్మా."

"జేబులోంచి తియ్యి."

"గుడ్లు చల్లారిపోతాయి."

"గుడ్లు పొద్దున్నే చల్లారాయి. తియ్యి బాబాయ్."

తీశాడు. ఇక దాచడానికేముంది? మెల్లిగా చెప్పుకొచ్చాడు. డెన్మార్క్‌లో కారెన్ అనే పిల్ల ఉండేది, చర్చిలో వాయించేది. హార్మోనియం లేని దేశానికి రానంది. ఈయన రైళ్ళ మీద వేలు పోగొట్టుకుని మరీ సంపాదించి, షికాగో నుంచి తెప్పించాడు. పెట్టె దిగిన వారంలోనే ఆ పిల్ల ఇంకెవర్నో చేసుకుందని కబురొచ్చింది. అది చాలదన్నట్టు పెట్టె ఈయన మట్టింటి గుమ్మంలో పట్టలేదు. ఉన్న కాస్త చెక్కతో దానికో గది కట్టాడు. ఆయన మట్టికొంపలో, అది చెక్కగదిలో, అలా గడిపారు ఇద్దరూ.

"ఎనభై తొమ్మిదిలో ఫోటోల బండాయనొచ్చాడు. మీ అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఒహాయోలో వాళ్ళమ్మ, నా బిడ్డ మట్టిలో ఎలకలా బతుకుతోందని మంచం పట్టిందట. ఒక్క పూట ఆ పెట్టె మా గుమ్మం ముందు పెట్టు మతియాస్, ఫోటో పంపిస్తే మా అమ్మ లేచి కూర్చుంటుందంది. బండిమీద ఎక్కించి తీసుకెళ్ళాను. దార్లో వాగు దాటుతుంటే వెనక కాలు విరిగింది. వదిలితే వెనక్కి పడుతుంది. అందుకని వెనక కూర్చుని పట్టుకున్నాను. కదలొద్దన్నాడు బండాయన. కదల్లేదు."

"ఒహాయో అమ్మమ్మ లేచిందా?"

"లేచి ఇంకా పదేళ్ళు బతికిందట. అది తెలిసి గ్రూబర్లు వచ్చారు, స్టోల్జులు వచ్చారు, అందరూ వచ్చారు. అందరికీ ఎక్కడో ఒక అమ్మ ఏడుస్తోంది. నేనేమైనా వాయిస్తున్నానా దాన్ని?"

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెప్పనని మాటిచ్చాను కదా, ఒక్కొక్కరికీ. వాళ్ళంతా పోయారు. ఇప్పుడు నాకో కుర్చీ కావాలని వాళ్ళ పిల్లల దగ్గర ఆ పెట్టె లాక్కోమంటావా? వద్దు టిల్లీ. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు."

"చెప్పను," అన్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని కౌంటీ అంతా అంటారు. కానీ నేను నిజంగా ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. బోర్డు మీద మాట్లాడే మీట తెరిచే ఉంది. ఆయన చెప్పినదంతా పల్లె తీగలూ పట్నం తీగా ఊపిరి బిగబట్టి విన్నాయి. మీట నేను కావాలనే తెరిచి పెట్టానని ఊళ్ళో కొందరంటారు. అననీ.

నేను రిసీవర్ చెవిన పెట్టేసరికి ఉలుకూ పలుకూ లేదు. అంతమంది ఒకే తీగ మీద మాట్లాడకుండా ఉండటం మా ఊరి చరిత్రలో లేదు. చాలాసేపటికి ఎఫీ గొంతు సన్నగా వినిపించింది.

"అయితే దయ్యం కాదన్నమాట."

ఆ తర్వాత ఒక్కొక్కరే టక్ టక్‌మని పెట్టేశారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. ఆ చెయ్యి మతియాస్‌దని ఒప్పుకుంటే ఆయనకి కుర్చీ వస్తుంది, నాయనమ్మ హార్మోనియం పోతుంది. కాలిన చేతులూ, వరదలో గుర్రమూ, మా అమ్మ మూడు పూటల ఏడుపూ, అన్నీ పోతాయి. మింగలేక కక్కలేక కూర్చున్నారు. ఆ టక్ టక్‌లు బాబాయ్‌కీ వినపడ్డాయి. "ఎంత పని చేశావే," అన్నాడు. ఆయన నన్ను కోప్పడటం కూడా అదే మొదటిసారి.

ఆయన లేచి బుట్ట అందుకుంటుండగానే తలుపు తెరుచుకుంది. లవీనియా. వీధికి అవతలే ఇల్లు. భోంచేస్తూ వచ్చినట్టుంది, మెడలో తుండుగుడ్డ అలాగే ఉంది, నెత్తిన టోపీ మాత్రం సరిగ్గా ఉంది. ఒక చేతిలో భూతద్దం. గోడ మీంచి వాళ్ళమ్మ ఫోటో పీకి ఆయన ముందు పెట్టింది.

"మతియాస్ గారూ, ఈ చెయ్యి మీదని మీరంటున్నారు. దీని వేలికి ఎర్ర కెంపు ఉంగరముంది, చూడండి. ఇది మా మేనమామ ఉంగరం. మా ఇంట్లో అందరికీ తెలుసు."

ఫోటోలో ఎరుపేమిటని నేనడగబోయి ఊరుకున్నాను. బాబాయ్ భూతద్దంలోంచి చూసి, నసిగాడు.

"ఉంగరమే అయ్యుంటుందిలెండి అమ్మగారూ."

"నిజం చెప్పండి."

"కందిరీగ అమ్మగారూ."

"ఏమిటీ?"

"కందిరీగ వాలింది. మీ చూరు కింద గూడుండేది."

లవీనియా భూతద్దం లాక్కుని మళ్ళీ చూసింది. "కుట్టిందా?"

"కుట్టింది."

"మరి మీరు కదల్లేదే?"

"కదలొద్దన్నాడు కదండీ. పైగా మీ అమ్మగారు అప్పుడు నిండు నెలలతో ఉన్నారు. కడుపులో మీరే. ఆ ఎండలో అప్పటికే చాలాసేపు నిలబడ్డారు. నేను కదిలితే మళ్ళీ మొదటినుంచీ నిలబెడతాడని..."

లవీనియా కూర్చుంది. నా కుర్చీలోనే కూర్చుంది, ఆ కుర్చీలో నేను తప్ప ఇంకొకరు కూర్చోవడం అదే మొదలు. బోర్డు మీద దీపాలు వెలుగుతున్నాయి, ఎవరూ పట్టించుకోలేదు.

"ఇంతమంది ఇళ్ళ ముందు పెట్టారు. మీ ఇంటి ముందు పెట్టుకుని మీరెందుకు తీయించుకోలేదు?" అందావిడ. గొంతు తగ్గింది.

"అనుకున్నానండీ. చివర్లో మా ఇంటికి రమ్మన్నాను బండాయన్ని. వచ్చాడు. నేను కాలర్ కూడా పెట్టుకున్నాను." బాబాయ్ టోపీని చేతుల్లో తిప్పాడు. "నేను ముందుకొస్తే వెనక పట్టుకోడానికి ఎవరూ లేరు. అందరికీ చెప్పాను. కోతల రోజులు కదా, పాపం ఎవరికీ కుదరలేదు. బండాయన కాసేపు చూసి వెళ్ళిపోయాడు."

ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. ఆయన ఎవరినీ తప్పుపట్టకుండా చెప్పాడు, అందుకే ఎక్కువ వచ్చింది. ఆ కోతల్లో మా నాన్న కూడా ఉన్నాడు.

లవీనియా మెడలో తుండుగుడ్డ తీసి ముక్కు చీదుకుంది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పటి లవీనియా అయిపోయింది.

"ఆ పెట్టె ఇప్పుడెక్కడుంది?"

"కోళ్ళగూట్లో అమ్మగారూ. వానకి తడవకుండా వాటికి వేరే చోటు లేదు. కోళ్ళు దానికి బాగా అలవాటు పడ్డాయి."

"కోళ్ళని వేరే అలవాటు చేసుకోమనండి. టిల్లీ, హెర్మన్‌కి లారీ తెమ్మని చెప్పు. ఎఫీకి సబ్బునీళ్ళు తెమ్మని చెప్పు."

"మరి నిబంధన?" అన్నాను నేను, ఊరుకోకుండా.

"నిబంధనేమైంది? తొలి రోజుల ఫోటో తెమ్మన్నాను. గోడనిండా ఉన్నాయి కదా!" అని నా మీద కళ్ళెర్రజేసింది.

పండగ రోజు మబ్బు లేదు, దుమ్ము మాత్రం ఉంది. కోర్టు భవనం ముందు పచ్చిక ఉండాల్సిన చోట హార్మోనియం నిలబెట్టారు. ఎఫీ తోమిన తోముడికి ద్రాక్షగుత్తులు తేలాయి, చీలిక మాత్రం అలాగే ఉంది. అందరూ చుట్టూ మూగి, ముట్టుకుని, వాళ్ళ వాళ్ళ నాయనమ్మలని తలుచుకున్నారు. ఇది మాది కాదని ఎవరూ నోటితో అనలేదు. అలాంటివి మావాళ్ళు నోటితో అనరు, వంటకాలు తెస్తారు. బాబాయ్ కుర్చీ పక్కన ఆ పూట చెర్రీ పళ్ళు కూరి కాల్చిన పై రొట్టెలే గుట్టగా పేరుకున్నాయి. హెర్మన్ చర్చిలో వాయించే పిల్లని కూర్చోబెట్టి వాయించమన్నాడు. ఆ పిల్ల గట్టిగా తొక్కింది. పాట రాలేదు, గడ్డిపరకలూ ఈకలూ వచ్చాయి, చివరికి ఒక గుడ్డు దొర్లింది. బాబాయ్ దాన్ని తీసి తుడిచి నాకిచ్చాడు.

పత్రికవాళ్ళ కుర్రాడు మూడు కాళ్ళ మీద కెమెరా నిలబెట్టాడు. బాబాయ్ కాలర్ పెట్టుకుని, హార్మోనియం ముందు కుర్చీలో కూర్చున్నాడు. విరిగిన కాలు ఎవరూ బాగుచేయలేదు. పెట్టె వెనక్కి ఊగింది. హెర్మన్ ముందుకొచ్చాడు. ఎఫీ, "నేను పట్టుకుంటా," అంది. ఇద్దర్నీ తోసుకుంటూ లవీనియా వెనక్కి వెళ్ళి, పట్టుబట్టలతోనే ఆ దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుని, పెట్టె అంచు పట్టుకుంది.

"అమ్మగారూ, టోపీ ఈకలు పైకి కనపడుతున్నాయండీ," అన్నాడు కుర్రాడు.

వెనకనుంచి నెమిలికోడి ఈకల టోపీ పక్కకొచ్చి నేలమీద పడింది. ఆవిడ జుట్టు తెల్లగా, పల్చగా, మామూలుగా ఉంది. మేమందరం మర్యాదగా ఆకాశంలోకి చూశాం.

"కదలకండి అమ్మగారూ," అన్నాడు బాబాయ్, వెనక్కి తిరక్కుండానే.

"నాకు తెలుసు," అంది వెనకనుంచి.

కెమెరా టక్‌మంది. కుర్రాడు చాలన్నట్టు చెయ్యూపాడు. జనం కదిలారు, కోడిమాంసం వైపు పరుగులు మొదలయ్యాయి. బాబాయ్ మాత్రం అలాగే కూర్చున్నాడు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, నిటారుగా.

"అయిందా మతియాస్ గారూ? నా మోకాళ్ళు పోతున్నాయి," అంది లవీనియా.

"అయిందమ్మా," అన్నాడు ఆయన. "ఇంకొంచెంసేపు పట్టుకో. నాకింకా లేవాలని లేదు."

ఆవిడ మారుమాట్లాడకుండా పట్టుకునే ఉంది.